ఎండలు ముదరకముందే ఫైబర్ క్యాంపింగ్ ట్రైలర్‌ని కడిగి మూలకి పెట్టుడు ఎట్ల

ఈ ముచ్చట రాయాలని రెండేండ్ల సంది అనుకుంటున్న, ఎందుకంటే ఫైబర్ ట్రైలర్‌ని, అంటే కారు ఎనుక తగిలిచ్చుకొని పోయి లోపలనే పండుకునే ఫైబర్‌గ్లాస్ బండిని, ఎట్ల కడగాలె, ఎట్ల దాచిపెట్టాలె అని వెతికితే దొరికేవన్నీ చలి దేశాలోళ్ల ముచ్చట్లే. పైపులల్ల నీళ్లు గడ్డకడితే పైపు పగుల్తది, అందుకని గడ్డకట్టని మందు పొయ్యాలె, మంచు పడకముందే కడిగి కప్పెయ్యాలె, గిట్ల ఉంటయి. వాళ్ల దగ్గర అది నిజమే. గుడ్డు ఆకారంల ఉండే ఈ చిన్న ఫైబర్ బండ్లు పేరుకొచ్చిందే అసుంటి చలి దేశంల, కెనడాల విన్నిపెగ్‌ల 1968ల బోలర్ అని 13 అడుగుల బండి చేసిండ్రు, పైసగం ఒకటి కిందిసగం ఒకటి అచ్చుల పోసి నడుమ దగ్గర కలిపి బిగిస్తరు, ఆ నడుమ అతుకు తప్ప ఇంకో అతుకు ఉండది కాబట్టి కారుడు తక్కువ. మాది గూడ అదే తరీక, 12 అడుగులది, ఇక్కడ ఫైబర్ పని చేసేటోళ్లతోటి అచ్చు పోయించుకున్నం.

కని మన వరంగల్‌ల నీళ్లు గడ్డకట్టయి. మన కాలం ఉల్టా. మనం బండి తీసేదే చలికాలంల, కార్తీకం నుంచి శివరాత్రి దాకా, లక్నవరం, పాకాల, తాడ్వాయి, రామప్ప, జాతర వచ్చిన ఏడు మేడారం. హోలీ దాటిందంటే ఇగ ఎవ్వరూ బయట పండరు. అంటే మార్చి నుంచి దసరా దాకా ఏడు నెలలు బండి నిలబడే ఉంటది, అందుల ముందు మూడు నెలలు 43, 44 డిగ్రీల ఎండ, ఎనుక నాలుగు నెలలు వాన. ఎండ బయటి పొరని తింటది, వాన లోపలి చెక్కని తింటది. గడ్డకట్టుడు సంగతి పక్కకి పెట్టి మనం ఈ రెండిటికి తయారు చెయ్యాలె బండిని, కడుగుడు అంటే మెరుపు కోసం కాదు, దీని కోసం.

నేను ఇది నష్టపోయి నేర్సుకున్న. మూడేండ్ల కింద టైం లేదని లారీలు, జీపులు కడిగే ఒక సర్వీసింగ్ సెంటర్‌కి కొంటవోయిన, ఆ పిల్లగాడు ప్రెషర్ గన్ తీస్కొని లారీ కింద బురద కొట్టినట్టే కొట్టిండు, కిటికీ రబ్బర్ల మీద, ఫ్రిజ్ ఎనుక గాలి జాలీ మీద, టెయిల్ లైట్ల మీద అన్నిటి మీద. బయటకి చూస్తే తళతళ మెరిసింది. ఇంటికి తెచ్చి నీలం టార్పాలిన్ కప్పి తాడుతోటి బిగించి కట్టిన, మంచిగ చేసిన అనుకున్న. జులైల తలుపు తీస్తే లోపలికెళ్లి నానిన గోనెసంచి వాసన వచ్చింది. పరుపు లేపి చూస్తే కింది ప్లైవుడ్ ఉబ్బి పొరలు పొరలు లేచింది, వేలితోటి ఒత్తితే మెత్తగ లోపలికి పోయింది, మూలల నల్లబూజు. పైన టార్పాలిన్ గాలికి కొట్టుకున్న కాడ ఫైబర్ మెరుపు పోయి గరుకు గీతలు పడ్డయి. ఆ ఒక్క చెక్క మార్పిచ్చుడుకే ఇరవై రోజులు పట్టింది.

చెక్క మార్చినప్పుడు మా ఫైబర్ పని చేసే అన్న ఒక మాట చెప్పిండు. "తమ్మి, పైన మెరిసేది ఫైబర్ కాదు, జెల్‌కోట్ అది, గోటి మందం ఉంటది అంతే. అది ఉన్నన్ని దినాలే బండి. నువ్వు పీచుపెట్టి రుద్దుకుంట పోతే ఏం మిగుల్తది?" అని. నిజంగనే జెల్‌కోట్ అర మిల్లీమీటర్ కాడ ఉంటది. ఎండల ఉండే యూవీ కిరణాలకి ఆ రెజిన్ (గట్టిపడ్డ జిగురు) పైపొర ఎండి, మెల్లగ సున్నం లెక్క పొడి అయితది. మీ బండి మీద అరచెయ్యి గట్టిగ రాసి చూడుండ్రి, చేతికి తెల్లపొడి అంటితే అదే. ఎంత తక్కువ రుద్దితే అంత ఎక్కువ దినాలు నిల్సుతది, కాబట్టి కింద చెప్పే పని అంతట్ల నేను పట్టుకున్న సూత్రం నానబెట్టాలె, రుద్దొద్దు.

ఎప్పుడు కడగాలె అంటే, మా ఇంట్ల ఉగాదికి ఇల్లు దులిపే వారమే బండి వారం. అప్పటికి ఎండ ఇంకా ముదరదు, గాలి పొడిగ ఉంటది కాబట్టి కడిగింది సక్కగ ఆరుతది. జూన్ దాకా ఆగితే గాలిల తడి వస్తది, ఇగ లోపలిది ఆరది. పొద్దుగాల ఆరింటికి మొదలుపెట్టుండ్రి, తొమ్మిదిన్నరకల్లా బయటి కడుగుడు అయిపోవాలె. ఎండ బండి మీద పడ్డంక సబ్బు నురుగు అట్లనే ఎండిపోయి మచ్చలు కడతది, వాటిని తీసుడు కడిగినదానికన్న ఎక్కువ పని. చెట్టు నీడ మంచిదే కని ఏ చెట్టో చూసుకోవాలె, మార్చిల ఇప్పచెట్టు కింద పెట్టకుండ్రి, పువ్వు రాలి తియ్యటి జిగురు పైకప్పు మీద అంటుకుంటది, ఆ మీద దుబ్బ పడ్డదంటే గమ్ము పూసినట్టు అయితది, చీమలు గూడ వస్తయి. తాడ్వాయి దిక్కు పోయినప్పుడు ఒక్క రాత్రికే మా పైకప్పు నిండ పడ్డయి, చల్లనీళ్లకి పోలేదు, గోరువెచ్చని నీళ్లల్ల తడిపిన గుడ్డ పది నిమిషాలు పరిచినంక వచ్చింది.

నీళ్ల సంగతి ముందే తేల్చుకోవాలె, ఇది మన దిక్కు చానా పెద్ద సంగతి. బోరు నీళ్లు సున్నం నీళ్లు, బకీట్ల అడుగున తెల్లగ పేరుకునేది మీకు తెల్సు గదా, అదే బండి మీద గుండ్రటి మచ్చలు మచ్చలు అయి ఎండకి కాలి కూర్చుంటది. మొత్తం కడుగుడు బోరుతోటి చేసినా సరే, ఆఖరి కడుగుడు మాత్రం నల్లా నీళ్లతోటి చేయుండ్రి, మా దగ్గర బోరుకన్న నల్లా నీళ్లల్ల సున్నం తక్కువ. ముందటి రాత్రే ఒక 200 లీటర్ల డ్రమ్ము పట్టి పెడత నేను. ఇప్పటికే మచ్చలు కట్టి ఉంటే తెల్ల వెనిగర్‌ల సగం నీళ్లు కలిపి గుడ్డతోటి అద్ది ఒక నిమిషం ఆగి కడిగెయ్యాలె. కొందరు బాత్రూం యాసిడ్ వాడుతరు, చెయ్యకుండ్రి, జెల్‌కోట్ రంగు పోతది, కింద ఇనుపకి తుప్పు మొదలైతది.

సామాన్లు పెద్దగ ఏం లెవ్వు. రెండు బకీట్లు, ఒకటి సబ్బుది ఒకటి స్పాంజి జాడిచ్చేది. రెండు స్పాంజిలు, పైనదానికి ఒకటి చక్రాలకి ఒకటి, ఇవి కలపకుండ్రి. కారు షాంపూ. బట్టలసర్ఫ్ వద్దు, కరగని పలుకులు గీతలు పెడతయి. గిన్నెల సబ్బు లిక్విడ్ వాడొచ్చు కని అది పాత వ్యాక్స్‌ని గూడ తీస్కపోతది, కడిగినంక వ్యాక్స్ పెట్టేది ఖాయం అయితెనే వాడుండ్రి. ఒక పాత పెయింట్ బ్రష్, ఒక పాత టూత్‌బ్రష్, మైక్రోఫైబర్ గుడ్డలు ఓ ఆరు. నిచ్చెన, దాని చివరలకి పాత చీరెముక్క చుట్టి కట్టుండ్రి. పైకప్పు మీదకి ఎక్కి కూసోని కడుగుతరు కొందరు, ఫైబర్ అడుగు కింద వంగుతది, వంగినప్పుడు జెల్‌కోట్ సాలెగూడు లెక్క సన్నగ పగుల్తది, అప్పుడు కనపడది, వానాకాలంల కనపడతది. నిచ్చెన మీద నిలబడే కడగాలె.

మొదలు పొడిగుడ్డ అస్సలు తాకియ్యొద్దు. మన దిక్కు బండి మీద ఉండేది ఉత్త దుమ్ము కాదు. భూపాలపల్లి రోడ్డు తిరిగినోళ్లకి తెల్సు, ముంగట బొగ్గు లారీ పోతుంటే నల్లటి పొడి, దానెనుక బూడిద లారీ పోతుంటే తెల్లటి పొడి, కరీంనగర్ దిక్కు పోతే గ్రానైట్ పొడి, ఇవన్నీ గరుకు, పొడిగుడ్డతోటి తుడిస్తే గరుకు కాయితం పట్టి రుద్దినట్టే. మా ఇల్లు ఎనుమాముల మార్కెట్‌కి దగ్గర, మిర్చి సీజన్ల ఘాటు పొడి గూడ వచ్చి వాలతది, పోయినేడు కిటికీ అంచు తుడిసిన గుడ్డతోటే మా బాబు మొఖం తుడుసుకుంటే పావుగంట నీళ్లు కొట్టినం కండ్లకి. కాబట్టి ముందు పైపు పట్టి ఉత్త నీళ్లే, పైకప్పు నుంచి కిందికి, నిమ్మళంగ, ఒక పది నిమిషాలు పారించాలె. పిట్టరెట్టలు, చెట్టుజిగురు ఉన్న కాడ తడిగుడ్డ పరిచి ఇడిసిపెట్టి మిగిలిన పని చూసుకోవాలె, అవి వాటంతటవే మెత్తబడతయి.

ప్రెషర్ వాషర్ ఉన్నోళ్లు వాడొద్దని అనను, కని చక్రాల దగ్గర, కింద ఛాసీ (బండిని మోసే ఇనుప ఫ్రేమ్) దగ్గర మాత్రమే వాడుండ్రి. కిటికీ రబ్బర్లు, గాలి జాలీ, పైకప్పు మూత, రివెట్లు, నడుమ అతుకు, స్టిక్కర్లు, వీటి దిక్కు గన్ తిప్పకుండ్రి. వాన పైకెళ్లి కిందికి పడతది, బండి దానికి తట్టుకునేటట్టు చేస్తరు, గన్ను నీళ్లని కిందికెళ్లి పైకి, పక్కకెళ్లి లోపలికి కొడతది, దానికి ఏ రబ్బరూ ఆగది.

సబ్బు పెట్టుడు పైకప్పుతోటి మొదలు, తర్వాత పక్కలు. పక్కలకి సబ్బు కిందికెళ్లి పైకి పెట్టుకుంట పోవాలె, కడిగేటప్పుడు పైకెళ్లి కిందికి. ఎందుకంటే పైన సబ్బు పెడితే ఆ మురికి సబ్బు ఎండిన కింది భాగం మీద చారలు చారలు కారి మరక అయితది, కింద ముందే తడి ఉంటే జారిపోతది. ఒక్కసారే బండి మొత్తానికి పెట్టకుండ్రి, ఒక తలుపంత మేర పెట్టుడు, స్పాంజి నీళ్లబకీట్ల జాడిచ్చుడు, కడుగుడు, ఇంకో తలుపంత మేర. గిట్ల చేస్తే మా 12 అడుగుల బండికి ఇద్దరం మనుషులం గంటంబావు పడతది. కిటికీ కింద, లైట్ల కింద మీసాల లెక్క నల్లచారలు ఉంటయి, దుమ్మూ రబ్బర్ల మసీ కలిసి వాననీళ్లతోటి దిగినవి అవి, వాటి మీద చిక్కటి షాంపూ గుడ్డతోటి అద్ది రెండు నిమిషాలు ఆగుండ్రి, సగం పోతది, మిగిలింది ఎనుక పాలిష్‌కి పోతది. స్టీల్ పీచు, గిన్నెల పొడి ఆ దరికే తీస్కరావద్దు.

మరకల ముచ్చట జర ఎక్కువ చెప్పాలె, ఎందుకంటే మన మరకలు వేరే ఏడ రాసి ఉండయి. పసుపు మొదలు. కొత్త బండికి, జాతరకి పోయేముందు, దసరాకి మనం బొట్లు పెడతం, పసుపు తెల్ల జెల్‌కోట్ మీద పట్టుకుంటది. దాన్ని రుద్దకుండ్రి. సబ్బుతోటి ఒకసారి కడిగి ఎండకి ఇడిసిపెట్టుండ్రి, రెండు మూడు దినాలల్ల ఎండే తీస్కపోతది, పసుపు రంగు వెలుతురుకి ఆగది, ఉతికిన తెల్లంగి మీద పసుపు మరక దండెం మీదనే పోయినట్టు. కుంకుమ అట్ల కాదు, ఇప్పుడు దొరికే దాంట్ల రంగు కలుస్తది, అది ఎండకి పోదు, నూనె కలిపి పెడితే ఇంకా మొండి. ముందు కొబ్బరినూనె అద్ది మెత్తబెట్టి గుడ్డతోటి ఎత్తినట్టు తియ్యాలె, రాస్తే పరుసుకుంటది, తర్వాత షాంపూ. రోడ్డు డాంబర్ చుక్కలకి గూడ కొబ్బరినూనెనే, పావుగంట నానితే గోరు పెట్టకుంటనే వస్తది. హోలీకి మోదుగుపువ్వు ఉడకబెట్టి నీళ్లు చల్లుకుంటరు మన పల్లెలల్ల, మంచి ఆచారం, కని ఆ నారింజ రంగు బండి మీద పడ్డదంటే తడి ఆరకముందే నీళ్లు కొట్టుండ్రి. పెయింట్ థిన్నర్ ఏ మరకకీ వాడకుండ్రి, ముఖ్యంగ కిటికీల దగ్గర, మన ట్రైలర్ కిటికీలు చానావరకు గాజు కావు అక్రిలిక్, థిన్నర్ తగిలితే మసకబారి లోపల సన్నటి పగుళ్లు కనపడతయి. అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ గూడ అంతే చేస్తది. కిటికీలకి నీళ్లు, షాంపూ, మెత్తటి గుడ్డ చాలు.

ఇగ నేను అన్నిటికన్న ముఖ్యం అనుకునే పని, కడిగేటప్పుడే కారుడు పట్టుకునుడు. ఆఖరి కడుగుడు అప్పుడు ఒకరు లోపల టార్చి పట్టుకొని కూసోవాలె, తలుపు మూసుకోవాలె, బయటోళ్లు ఒక్కొక్క కిటికీ మీద రెండు మూడు నిమిషాలు వాన పడ్డట్టు నీళ్లు పారించాలె, పైపు మూతికి వేలు అడ్డం పెట్టి. మా ఇంటామె లోపల కూసుంటది, ఆమె కండ్లు నాకన్న మంచియి. పోయినేడు వంటగట్టు కిటికీ మీద పోస్తుంటే లోపలికెళ్లి "ఆగుండ్రి, కదలకుండ్రి" అన్నది, పోయి చూస్తే కింది మూల స్క్రూ తల మీద ఒక్క చుక్క, ఆవగింజంత, నిలబడి ఉన్నది. పడతలేదు. ఎంతసేపు చూసినా పడలేదు, అర నిమిషానికి కొంచెం పెద్దగైంది, ఎనుక చెక్క మీదికి జారి మాయమైంది. మనిషి లోపల కూసోకుంటే ఆ చుక్క ఎవ్వరికీ కనపడకపోవు, వానాకాలం నాలుగు నెలలు ఆ మూల తాగుకుంట ఉండు. చూసిన కాడల్లా చిన్న టేపుముక్క అంటించి గుర్తు పెట్టుకోవాలె, బండి పూర్తిగ ఆరినంక ఆ కిటికీ ఫ్రేమ్ ఊడదీసి సందుల పెట్టిన పాత మసాలా గీకి బ్యూటైల్ టేపు (గట్టిపడకుంట మెత్తగనే ఉండే జిగురు పట్టీ) పెట్టి మల్ల బిగించాలె. పైపైన సిలికాన్ పూసి ఊకుంటరు చానామంది, అది పట్టుకున్నట్టే ఉండి అంచుకి లేస్తది, దాని జిడ్డు జెల్‌కోట్ మీద ఉండిపోయి తర్వాత పెయింట్ గూడ పట్టది. గట్టిపడే ముద్దలు గూడ వద్దు, బండి రోడ్డు మీద ఊగుతది, ముద్ద ఊగది, పగుల్తది.

కడిగేటప్పుడు చెయ్యి బండి మొత్తం మీద పోతది గదా, అందుకే నేను చేతితోటే కడుగుత, గన్‌తోటి కాదు. రివెట్ వదులైతే చేతికి తెలుస్తది, సన్నటి పగులు వేలికి తెలుస్తది. అనుమానం ఉన్న కాడ రూపాయి బిళ్లతోటి టకటక కొట్టి చూడుండ్రి, మంచిగున్న కాడ ఖణీ అంటది, లోపల పొర విడిపోయిన కాడ డొల్లగ పలుకుతది.

చక్రాలు, కింది భాగం ఆఖరికి. మట్టిరోడ్డు తిరిగిన ఎర్రమన్ను మడ్‌గార్డుల లోపల, ఛాసీ మూలలల్ల గట్టిగ పేరుకుంటది, అది వానాకాలం తడి పట్టుకొని ఇనుపని తినుడు మొదలుపెడతది. బలంగ నీళ్లు కొట్టి, పెయింట్ బ్రష్‌తోటి దులిపి తియ్యుండ్రి, తుప్పు కనపడ్డ కాడ గీకి ప్రైమర్ కొట్టుండ్రి. చెరువు కాడ చక్రాలు నీళ్లల్ల దింపి ఉంటే బేరింగులు ఇప్పి గ్రీజు మార్పియ్యాలె, ఇది మెకానిక్ పని, రేపు మాపు అనకుండ్రి.

ఇప్పుడు ఆరబెట్టుడు. కడిగినదానికి మూడింతలు టైం దీనికి ఇయ్యాలె, చానామంది ఇక్కడనే తప్పు చేస్తరు, నేను గూడ ఇక్కడనే చేసిన. బయట మైక్రోఫైబర్‌తోటి తుడిసినంక కిటికీలు, పైమూత, అలమారలు, ఫ్రిజ్ తలుపు, అన్నీ బార్లా తెరిచి పెట్టి ఒక పూర్తి పగలు ఇడవాలె, వీలైతే రెండు. పరుపులు నేల మీద కాదు దండెం మీద, రెండు దిక్కులా ఎండ తగలాలె. నడుమ అతుకు మీద ఉండే పట్టీ ఎనుక నీళ్లు నిలుస్తయి, బండిని ముందు టంగ్ (కారుకి తగిలిచ్చే ఇనుప కొన) కాడి జాకీతోటి కొంచెం లేపి ఒక గంట, దించి ఒక గంట పెడితే కారిపోతయి, అవి ఎంతసేపు కారుతయో చూస్తే మీరే ఆశ్చర్యపోతరు.

ఆరినంక వ్యాక్స్. అరచేతికి తెల్లపొడి అంటకపోతే పాలిష్ అవసరం లేదు, నేరుగ వ్యాక్స్ పెట్టుకోవచ్చు. పొడి అంటితే సన్నరకం పాలిష్ చేతితోటి మెల్లగ ఒక్కసారి, మెషిన్ పెట్టి రబ్బింగ్ కాంపౌండ్‌తోటి అరగదియ్యకుండ్రి, అన్న చెప్పిన గోటి మందం యాది పెట్టుకోండ్రి. కార్నౌబా వ్యాక్స్ అయినా మెరైన్ వ్యాక్స్ అయినా, బోట్లకి వాడేది, యూవీ ఆపేది అని డబ్బా మీద ఉంటే మంచిది, పడవలు గూడ ఈ జెల్‌కోట్‌వే కాబట్టి మనకి సరిపోతది. పల్సగ రెండు కోట్లు, ఒకటి ఆరి తుడిసినంక రెండోది. పైకప్పుకి ఇంకొకటి ఎక్కువ, ఏప్రిల్ మే ఎండ పడేది అక్కడనే. అయినంక నీళ్లు చల్లి చూడుండ్రి, తామరాకు మీద లెక్క గుండ్లు గుండ్లు అయి జారాలె, పరుసుకున్న కాడ మల్ల పెట్టాలె.

లోపల పని చిన్నది కని మరిచిపోతే పెద్దగైతది. 2024 జాతరకి మేడారం పోయినప్పుడు బంగారం బండిలనే పెట్టినం, అక్కడ బంగారం అంటే బెల్లం గదా, ఎండకి కరిగి ప్లాస్టిక్ సంచిలకెళ్లి మంచం కింది అరల దిగింది, ఇంటికొచ్చినంక చూసుకోలేదు, వారంల చీమల బారు తలుపు సందులకెళ్లి లోపలిదాకా. తియ్యటిది, నూనెది ఏదీ ఉండొద్దు, వేడినీళ్ల గుడ్డతోటి ప్రతి అర తుడువాలె. చిన్న పలుకు గూడ ఎలకని పిలుస్తది. ఎలక వచ్చేది పైపులు, వైర్లు పోయే బొక్కలకెళ్లి, వాటిల్ల స్టీల్ పీచు కుక్కుండ్రి, గుడ్డ కుక్కితే కొరుక్కుంట వస్తది. కందిరీగలు గాలి జాలీలల్ల గూడు పెడతయి, సన్న జాలీముక్క లోపలికెళ్లి బిగించుండ్రి. నాఫ్తలిన్ గోలీలు నేను పెట్టను, ఆ వాసన పరుపుకి పడితే పిల్లలు పండలేరు. ఎండిన వేపాకు మూటలు కట్టి మూలలకి పెడతం, వడ్లకి పెట్టినట్టే.

నీళ్ల ట్యాంకు ఊకనే ఖాళీ చేస్తే సరిపోదు. లీటరుకి ఒక మిల్లీలీటర్ లెక్కన మామూలు బ్లీచ్ ద్రావణం, 40 లీటర్ల ట్యాంకుకి 40 మి.లీ., కలిపి అన్ని నల్లాలల్ల వాసన వచ్చేదాకా తిప్పి, నాలుగు గంటలు ఉంచి, ఇడిసి, మంచినీళ్లతోటి రెండుసార్లు కడగాలె. బ్లీచ్ పని, వెనిగర్ పని ఒక్క దినం పెట్టుకోకుండ్రి, రెండు కలిస్తే వచ్చే గాలి ఊపిరితిత్తులకి చానా చెడ్డది. కడిగినంక నల్లాలు, కింది డ్రెయిన్ మూతలు తెరిచే ఉంచాలె, కని జాలీ కట్టి. నిలిచిన మంచినీళ్లల్ల డెంగీ దోమ గుడ్లు పెడతది, వారం పదిరోజులల్ల దోమలైతయి, బండి కింద బకీటూ, కవర్ మడతల నిలిచిన నీళ్లూ గూడ అదే లెక్క.

గ్యాస్ సిలిండర్ బయటకి తియ్యుండ్రి, బ్యాటరీ ఇప్పి ఇంట్ల పెట్టి నెలకోసారి చార్జ్ చేయుండ్రి. హ్యాండ్ బ్రేక్ వేసి ఇడవకుండ్రి, ఏడు నెలలకి బ్రేక్ పట్టేసుకుంటది, చక్రాలకి ముందూ ఎనుకా చెక్క మొద్దులు పెట్టాలె. టైర్ల కింద పలకలు వెయ్యాలె, గాలి నిండ కొట్టాలె, టైర్లకి ఎండ తగలకుంట పాత గోనెసంచులు కట్టినా చాలు.

జాగ, కప్పుడు. రేకుల షెడ్డు ఉంటే అంతకన్న ఏం కావాలె, నాలుగు దిక్కులా గాలాడే షెడ్డు అయితెనే. లేకుంటే గాలి పీల్చే బట్ట కవర్. టార్పాలిన్ ఒక్కటే ఉన్నదంటే దాన్ని బండికి తాకియ్యకుంట వెదురుబొంగుల మీద పందిరి లెక్క కట్టుండ్రి, బండికీ దానికీ నడుమ జానెడు సందు ఉండాలె. తాకితే గాలికి కొట్టుకొని జెల్‌కోట్ గీకుతది, కింద చెమట పట్టి నీళ్లు అవుతది, వాన పడకున్నా లోపల తడి ఉంటది. జాగ ఎత్తుల ఉండాలె. 2023 జులైల మన ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క దినంల 649.8 మి.మీ. వాన పడ్డది, అది చూసినంక నాలా పక్కన, పల్లంల బండి పెట్టే ధైర్యం నాకు లేదు. బండి ముంగటి భాగం రెండించులు ఎత్తు ఉండేటట్టు పెడితే పైకప్పు మీద నీళ్లు నిలువయి.

వానలు మొదలైనంక పదిహేను దినాలకోసారి తెరిపి ఇచ్చిన పూట పోయి తలుపు, కిటికీలు రెండు గంటలు తెరువుండ్రి. తెరిచిన వెంటనే ముందు వాసన చూడుండ్రి, కండ్లకన్న ముక్కుకి ముందు తెలుస్తది. మూలల చెక్కలు బొటనవేలితోటి ఒత్తి చూడుండ్రి, గుర్తు పెట్టి బాగుచేసిన కిటికీల కింద ముఖ్యంగ. ఎక్కడన్న బూజు చుక్క కనపడితే సగం నీళ్లు కలిపిన వెనిగర్ గుడ్డతోటి తుడిసి, ఆ పూట ఆరేదాకా మూయకుండ్రి.

దసరాకి బయటకి తీసినంక ఒక్కసారి నల్లా నీళ్లతోటి దుబ్బ కడిగితే చాలు, వ్యాక్స్ ఉంటది కాబట్టి జారిపోతది. పూజ చేసేటప్పుడు బొట్లు మాత్రం ఫైబర్ మీద కాకుంట ముంగట ఇనుప టంగ్ మీద పెట్టుండ్రి.